భూమికి వారసులెవరు? 37వ కీర్తన – ఒక పరిశీలన

దివ్య ఖుర్ఆన్ పూర్వ గ్రంథాలను పలు సందర్భాల్లో ధ్రువపరుస్తుంది. అయితే ఒక పూర్వ గ్రంథాన్ని పేరు పెట్టి ప్రస్తావించి, అందులో ఫలానా మాట వ్రాయబడి ఉన్నదని చెప్పిన చోట్లు బహు కొద్ది. ‘అల్ అంబియా’ సూరాలోని 105వ ఆయతు అటువంటి అరుదైన చోటు. సజ్జనులైన దైవదాసులే భూమికి వారసులవుతారన్న నిర్ణయం జబూర్‌లో లిఖితమై ఉన్నదని ఆ ఆయతు తెలుపుతుంది. క్రైస్తవుల, యూదుల చేతిలో ఉన్న కీర్తనల గ్రంథాన్ని తెరిస్తే 37వ కీర్తన 29వ వచనంలో అదే భావం కనిపిస్తుంది. నేటి కీర్తనల గ్రంథం హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం)కు అవతరించిన జబూర్‌తో ఎంతవరకు సరిపోలుతుందన్నది వేరే చర్చ. ఈ ఒక్క వాక్యం విషయంలో మాత్రం రెండు గ్రంథాలూ ఒకే గట్టున నిలబడి మాట్లాడుతున్నాయి.

ఇంత స్పష్టమైన వాక్యానికి పరిశీలన ఎందుకని ప్రశ్న రావచ్చు. ధర్మగ్రంథంలోని వాగ్దానానికి పుస్తకంలో కనిపించే అర్థం ఒకటైతే, దాన్ని చదువుకొనే ఊరిలో ఎదురయ్యే అర్థం మరొకటి. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి పట్టణాలూ, వాటిని ఆనుకొని సముద్రం వెంబడి ఇచ్ఛాపురం దాకా సాగే ఉద్దానం సీమా ఈ కీర్తనను పరీక్షించి చూడదగిన నేల. 19వ శతాబ్దిలోనే కెనడా బాప్టిస్టు మిషన్ ఈ జిల్లాకు వచ్చింది. టెక్కలి, సోంపేట ఆ మిషన్ కేంద్రాలయ్యాయి. నాటినుంచి ఇక్కడి క్రైస్తవ సంఘాలు కీర్తనలను తెలుగులో చదువుకుంటున్నాయి. అదే పట్టణాల్లోని ముస్లిం కుటుంబాలు ‘అల్ అంబియా’ సూరాను పారాయణం చేస్తాయి. ఒకే వాక్యాన్ని రెండు గ్రంథాల్లో చదివే ఈ జనం బ్రతుకుతున్న చోట, గడచిన నూరేళ్లుగా ప్రతి తరానికీ ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఈ భూమి ఎవరిది?

కీర్తన స్వరూపం

37వ కీర్తన దేవునికి చేసిన మొర కాదు. దేవుణ్ణి సంబోధించి ఏదీ కోరదు. ఇది ఒక వృద్ధుడు తోటి మనుషులకు చేసే హితబోధ. హెబ్రూ మూలంలో దీని భాగాలు అక్షరమాల వరుసలో మొదలవుతాయి. పిల్లలకు అక్షరాలతోపాటు నీతిని కంఠస్థం చేయించే పద్ధతి మన శతకకారులకూ, పెద్దబాలశిక్షకూ కొత్తది కాదు. కాబట్టి తెలుగు పాఠకుడికి ఈ కీర్తన స్వభావం వెంటనే పట్టుబడుతుంది. వాదాన్ని మెట్టుమెట్టుగా పేర్చి చెప్పే రచన కాదిది. ఒకే మాటను పలుమార్లు త్రిప్పి చెప్పి మనసులో నాటే రచన.

ఆ ఒకే మాట భూమి వారసత్వం. 9, 11, 22, 29, 34 వచనాల్లో ఐదుసార్లు ఈ వాగ్దానం వస్తుంది. ప్రతిసారీ వారసుల పేరు కొంచెం మారుతుంది: దేవునికోసం ఎదురుచూసేవారు, దీనులు, దేవుని దీవెన పొందినవారు, నీతిమంతులు, ఆయన మార్గాన్ని విడువనివారు. ఈ ఐదు పేర్లనూ కలిపి చూస్తే వారసుడు ఎవరో తెలుస్తుంది. అతడు బలవంతుడు కాడు, వంశం గొప్పవాడూ కాడు. అన్యాయం ఎదురైనా తన నడత మార్చుకోని మనిషి అతడు.

ఈ వాగ్దానానికి ముందు ఒక హెచ్చరిక మూడుసార్లు వినవస్తుంది. దుర్మార్గులు వర్ధిల్లడం చూసి లోలోపల రగిలిపోవద్దని దాని సారాంశం. హెబ్రూలో ఆ క్రియకు మూలార్థం ‘మండుట’. ఈ హెచ్చరికను ఆధారం చేసుకొని, అన్యాయాన్ని చూస్తూ ఊరకుండమని కీర్తన బోధిస్తున్నదని చెప్పేవారున్నారు. ఆ అర్థం నిలవదు. అదే కీర్తన 3వ వచనంలో మేలు చేయమనీ, ఆ దేశంలోనే కాపురముండమనీ ఆదేశిస్తుంది. తనను తాను దహించుకొనే క్రోధాన్ని మాత్రమే అది వారిస్తున్నది. ‘అల్ ఆరాఫ్’ సూరా 128వ ఆయతులో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన జాతికి సహనం బోధించి, భూమి అల్లాహ్‌దేననీ, తన దాసుల్లో తాను కోరినవారికి దాన్ని వారసత్వంగా ఇస్తాడనీ గుర్తుచేస్తారు. ఫిరౌను ఎదుట నిలబడ్డ జాతికి చెప్పిన ఆ సహనం చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదని వేరే చెప్పనక్కరలేదు.

మాటల వేళ్లు

హెబ్రూ, అరబ్బీ అక్కచెల్లెళ్ల వంటి భాషలు. కీర్తనలో భూమికి వాడిన ‘ఎరెట్స్’, ఆయతులోని ‘అర్ద్’ ఒకే వేరునుంచి వచ్చినవి. కీర్తనలోని ‘యారష్’, ఆయతులోని ‘వరిస’ కూడా అంతే. అంటే భావం మాత్రమే కాదు, మాటలు సైతం ఒకే కుదురువి. ‘ఎరెట్స్’కు భూమి అనీ, దేశమనీ రెండర్థాలున్నాయి. ఈ రెండర్థాల మధ్యనే ఎన్నో వ్యాఖ్యానాలు, ఎన్నో యుద్ధాలు కూడా పుట్టాయి.

తెలుగులోకి వచ్చేసరికి ఒక విశేషం జరిగింది. బైబిలును తెనిగించే పని 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీవారి కాలంనుంచి తరతరాలుగా సాగింది. ఆ బైబిలు భాషలో వారసత్వంగా పొందడాన్ని ‘స్వతంత్రించుకొను’ అన్నారు. తనదిగా చేసుకోవడమని దాని భావం. బైబిలు పరిచయం లేని తెలుగువాడికి ఆ మాటలో స్వాతంత్ర్యం వినిపిస్తుంది. కొంత స్వాధీనపరచుకోవడమూ వినిపిస్తుంది. ఖుర్ఆన్‌కు తెలుగు అనువాదం ‘ఆంధ్ర భాషా చరిత్రము’ కర్త చిలుకూరి నారాయణరావు చేతిమీదుగా స్వాతంత్ర్యానికి పూర్వమే వెలువడింది. నేటి తెలుగు అనువాదాల పాఠకులకు ఈ ఆయతు సందర్భంలో పరిచితమైన మాట ‘వారసులు’. ‘స్వతంత్రించుకొను’ అన్నప్పుడు చేయి చాపి తీసుకొనే మనిషి కనిపిస్తాడు. ‘వారసుడగు’ అన్నప్పుడు ఇచ్చేవాడు ముందు కనిపిస్తాడు. ఈ సందర్భంలో రెండో మాటే మూలానికి దగ్గర.

ఆ రెండో మాట అరబ్బీ ‘వారిస్’ నుంచి మన భాషలోకి వచ్చినదే. రైతుల నోట, రెవెన్యూ దస్తాలలో నలిగిన ‘మిరాసీ’ కూడా అదే ధాతువునుంచి పుట్టింది. ‘జిరాయితీ’ అన్న మాట సేద్యానికి అరబ్బీ పేరు. టెక్కలి తాలూకా రైతు ఖుర్ఆన్ చదువకపోయినా, కీర్తన వినకపోయినా, వాటిలోని కీలకమైన మాటను తన భూమి కాగితంలో మోస్తూనే ఉన్నాడు. ఆ కాగితానికీ, కీర్తన చెప్పే వారసత్వానికీ ఉన్న తేడాయే ఈ పరిశీలనకు ముఖ్యాంశం.

వ్యాఖ్యాతలు చెప్పినవి

పూర్వ వ్యాఖ్యాతలు ఈ ఆయతుకు ఒక్క అర్థానికే కట్టుబడలేదు. తబరీ తన తఫ్సీరులో భిన్నాభిప్రాయాలను పేర్కొన్నాడు. ఇక్కడ భూమి అంటే స్వర్గభూమి అని కొందరు. ‘అజ్జుమర్’ సూరా 74వ ఆయతులో స్వర్గవాసులు తమకు భూమి వారసత్వం లభించిందని అల్లాహ్‌ను స్తుతించడం వీరికి ఆధారం. పవిత్ర భూమి అని మరికొందరు. ఈ లోకంలోనే విశ్వాసులకు లభించే భూమి అని ఇంకొందరు.

యూదులలోనూ ఇట్లే జరిగింది. మృతసముద్రపు గుహల్లో దొరికిన చుట్టలలో ఈ 37వ కీర్తనకు వ్రాసిన వ్యాఖ్య ఒకటున్నది. ఆ వ్యాఖ్య కల్పించిన సమాజం, కీర్తనలోని దీనులు తామేననీ, దుర్మార్గులు తమ ప్రత్యర్థులేననీ వచనం వెంబడి వచనం అన్వయించుకొన్నది. మత్తయి సువార్తలోని కొండమీది ప్రసంగంలో 11వ వచనపు ప్రతిధ్వని వినిపిస్తుంది. అక్కడ వాగ్దానం ఒక జాతికి గాక సాత్వికులందరికీ చెందుతుంది.

ఈ అర్థాలన్నింటిలో ఒక ప్రమాదం దాగి ఉన్నది. ‘నీతిమంతులు’ అన్న చోట ప్రతి సమాజమూ తన పేరు వ్రాసుకోగలదు. భూమి చేతికి వచ్చినవాడు తాను నీతిమంతుణ్ణని సులువుగా నమ్మగలడు. ఆయతు సందర్భం ఈ ప్రమాదాన్ని అరికడుతుంది. అదే సూరా 89వ ఆయతులో, సంతానం లేని హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) ప్రార్థిస్తూ అల్లాహ్‌నే వారసులలోకెల్లా శ్రేష్ఠుడని పిలుస్తారు. చివరి వారసుడు ఆయనే అయినప్పుడు నడుమ వచ్చే వారసులందరూ కాపలాదారులే. వారసత్వమంటే ముందువాడు పోయాడనీ, తానూ పోతాననీ ఒప్పుకోవడం.

ఉద్దానం నేల

‘ఉద్యానవనం’ అన్న మాటే ఉద్దానమైందని చెప్పుకుంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల ఇసుక నేలను కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలుగా మార్చింది రైతు శ్రమే. పలాస జీడిపప్పు పేరు దేశమంతటా తెలుసు. మృతభూమికి ప్రాణం పోసినవాడిదే ఆ భూమి అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించినట్లు హదీసులు తెలుపుతున్నాయి. దానికి పాలకుని అనుమతి కావాలని ఇమామ్ అబూ హనీఫా, అక్కరలేదని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ భావించారు. ఈ భేదం ఫిఖ్‌హ్ గ్రంథాలకే పరిమితం కాదు. పాటుపడినవాడికీ పట్టా ఇచ్చేవాడికీ మధ్య నడిచే పాత వ్యాజ్యమే అది.

ఆ వ్యాజ్యం ఈ సీమలో నెత్తురు చూసింది. జమీందారీల కాలంలో 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో, అడవి కలప విషయమై రేగిన వివాదంలో పోలీసులు కాల్పులు జరుపగా గున్నమ్మ, మరికొందరు రైతులు నేలకొరిగారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. మళ్లీ 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో టెక్కలికి చేరువనున్న కాకరాపల్లిలో, బీల భూములలో థర్మల్ విద్యుత్కేంద్రాలు వద్దన్న జనంపై కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఈ పోరాటాలకు కీర్తన ప్రేరణ అని చెప్పడం చరిత్రకు విరుద్ధం. కాని దుర్మార్గుని స్థానం కోసం వెదికితే కనిపించదని చెప్పే 10వ వచనాన్ని ఇక్కడి పాఠకుడు చదివినప్పుడు, ఒకనాటి జమీందారీ అతనికి గుర్తుకు రాకమానదు. కీర్తన వాగ్దానానికి ఈ నేలపై కొంత సాక్ష్యమున్నది. అయితే ఎదురు సాక్ష్యం కూడా ఉన్నది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కకు మిక్కిలిగా కూలాయి. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తండ్రి నాటిన చెట్టు ఒక్క ఉదయంలో పోతే, కొడుకు మళ్లీ మొక్కతో మొదలుపెట్టాలి. ఇక్కడ కీర్తనలోని ఒక ఉపమానం తడబడుతుంది. 35వ వచనంలో వృద్ధుడు, బలిసి వ్యాపించిన పచ్చని చెట్టుతో దుర్మార్గుణ్ణి పోల్చి, కొంతకాలానికి అది లేకుండా పోయిందంటాడు. ఉద్దానంలో పచ్చని చెట్టు పేదవాని జీవనాధారం. కూలిన చెట్టును చూపి దాని యజమాని దోషి అనగల సాహసం ఎవరికున్నది?

ఇరవై ఐదవ వచనం

అన్నింటికన్నా కష్టమైన చోటు 25వ వచనం. తాను యువకుడుగా ఉండి వృద్ధుణ్ణయ్యాననీ, ఇన్నేళ్లలో నీతిమంతుడు విడువబడడంగాని, అతని పిల్లలు అన్నానికి యాచించడంగాని చూడలేదనీ ఆ పెద్దమనిషి సాక్ష్యమిస్తాడు. యూదులు భోజనానంతరం చేసే కృతజ్ఞతా ప్రార్థన చివర ఈ వచనం వస్తుంది. పంక్తిలో పేదవాడుంటే అతని మనసు నొచ్చుకొంటుందని కొందరు దీన్ని లోగొంతుతో పలుకుతారు. ఆ లోగొంతు ఎన్నో వ్యాఖ్యానాలకన్నా నిజాయితీ గలది.

ఉద్దానంలో ఈ వచనాన్ని బిగ్గరగా పలకడం మరింత కష్టం. మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేనివారిలోనూ మూత్రపిండాలు పాడైపోయే వ్యాధి దశాబ్దాలుగా ఈ పల్లెలను పట్టి పీడిస్తున్నది. తోటలలో, పొలాల్లో ఎండకు ఒళ్లు వంచే కష్టజీవులే ఎక్కువగా దాని పాలబడుతున్నారు. నీరు, నేలలోని ఖనిజాలు, ఎండలో శ్రమ, పురుగుమందులు – పరిశోధకులు వీటన్నింటినీ పరిశీలించారు; ఏ ఒక్కటీ ఏకైక కారణంగా నిర్ధారణ కాలేదు. హిరమండలం జలాశయంనుంచి శుద్ధి చేసిన నీరు తెచ్చే పథకమూ, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కాని అప్పటికే ఎన్నో ఇళ్లలో సంపాదించే చేయి పోయింది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి కూలి దక్కదు. తోట అమ్ముకొన్న ఇంటి పిల్లలు వలస పోయారు. వీరిలో నీతిమంతులు లేరా? ఉంటే, వృద్ధుడు చూడలేదన్నది ఉద్దానం చూసింది.

ఈ చిక్కు నుంచి బయటపడడానికి సాధారణంగా రెండు దారులు తొక్కుతారు. ఫలితమంతా పరలోకంలోనేనని ఒకటి. బాధపడ్డవాడిలో మనకు తెలియని దోషమేదో ఉన్నదని రెండవది. మొదటిది విశ్వాసానికి ఓదార్పే, కాని వచనం మాట్లాడుతున్నది అన్నం గురించి, పిల్లల గురించి. రెండవది అన్యాయం. ఆయతు వచ్చిన సూరాయే దాన్ని ఖండిస్తున్నది. అల్ అంబియా 83వ ఆయతులో హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) తనకు బాధ కలిగిందని ప్రభువుకు మొరపెట్టుకొంటారు. దోషి అయి కాదు, ప్రవక్త అయి ఉండీ ఆయన రోగంలో పడ్డారు. భూమి వారసత్వపు వాగ్దానానికి ఇరవై రెండు ఆయతుల ముందే, బాధపడిన నీతిమంతుణ్ణి నిలబెట్టింది ఖుర్ఆన్. జబూర్ వాక్యాన్ని చదవవలసింది అయ్యూబ్‌ను చూసిన కళ్లతోనే.

ఇక మూడవ దారి కీర్తనలోనే ఉన్నది. దాన్ని చాలామంది గమనించరు. 25వ వచనానికి ముందు 21వ వచనంలో దుర్మార్గుడు అప్పు తీసుకొని తీర్చడనీ, నీతిమంతుడు దయతో ఇస్తాడనీ ఉన్నది. వెంటనే వచ్చే 26వ వచనంలో నీతిమంతుడు ఎల్లప్పుడూ అప్పిస్తూనే ఉంటాడని ఉన్నది. ఇచ్చే చేతుల నడుమ ఈ సాక్ష్యం నిలిచి ఉన్నది. నీతిమంతుని పిల్లలు యాచించకపోవడానికి కారణం ఆకాశంనుంచి అన్నం రాలడం కాదు. వారు చేయి చాచకముందే పొరుగువాడు పెట్టాడు. అటువంటి ఊళ్లో ముసలివాడైన మనిషి చెప్పిన సాక్ష్యమది. ఊరు అట్లా లేకపోతే సాక్ష్యం అబద్ధమవుతుంది. ఆ అబద్ధానికి బాధ్యుడు ఆకలిగొన్నవాడు కాడు, పెట్టనివాడు.

‘యాసీన్’ సూరా 47వ ఆయతులో, పేదలకు పెట్టమంటే, అల్లాహ్ తలచుకొంటే తానే పెట్టేవాడు గదా, మేమెందుకు పెట్టాలని వాదించినవారి ప్రస్తావన ఉన్నది. 25వ వచనాన్ని బాధితునిపై తీర్పుగా వాడేవారి వాదం సరిగ్గా ఇదే. దానికి వేసిన వేషం మాత్రం భక్తి. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే భుజించేవారని హదీసు తెలుపుతున్నది. కష్టపడి తిన్న ప్రవక్త పేర నిలిచిన మాటను, కష్టపడి పడిపోయిన కూలివాడిని నిందించడానికి వాడడం ఆయనకు గౌరవం కాదు.

వారసత్వం – అమానతు

ఈ వెలుగులో భూమి వారసత్వం ఒక బహుమానం కన్నా అమానతుగా, అప్పగింతగా అర్థమవుతుంది. 105వ ఆయతు తరువాత 106వ ఆయతు, ఆరాధించే జనానికి ఇందులో ఒక సందేశమున్నదంటుంది. 107వ ఆయతు దైవప్రవక్తను సకల లోకాలకు కారుణ్యంగా పంపినట్లు తెలుపుతుంది. వారసత్వం, సందేశం, కారుణ్యం – ఈ వరుస యాదృచ్ఛికం కాదు. కారుణ్యం లేని చోట వారసత్వం పట్టా కాగితంగానే మిగులుతుంది.

ముస్లిం నాటిన చెట్టు నుంచి పక్షిగాని, మనిషిగాని, పశువుగాని తిన్నదంతా అతని ఖాతాలో దానమవుతుందని ప్రామాణిక హదీసు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమని మరొక హదీసు. తిత్లీ తరువాత, తాను కాయ కోస్తాడో లేదో తెలియని వయసులో కొబ్బరి మొక్క నాటిన ఉద్దానం రైతుకు ఈ హదీసు అర్థం విప్పి చెప్పనవసరం లేదు. అతని మతమేదైనా, జబూర్ చెప్పిన వారసుడికి అతడే దగ్గరి పోలిక.

కీర్తన విమర్శకు నిలిచినదా అంటే నిలిచింది. అయితే సాక్షి చెప్పిన వార్తగా గాక, వినేవారిపై మోపిన బాధ్యతగా నిలిచింది. భూమికి వారసులెవరన్న ప్రశ్నకు పట్టాదారు పుస్తకం ఒక జవాబు చెప్పగలదు. జబూర్, ఖుర్ఆన్ అడిగే లెక్క వేరు: నీ పొరుగింట సంపాదించే చేయి పోయినప్పుడు, ఆ పిల్లలు అన్నానికి చేయి చాచవలసి వచ్చిందా, లేదా? ఆ లెక్క తేలిన చోటనే వృద్ధుని సాక్ష్యం నిజమవుతుంది.